ఏ పువ్వు కప్పులోకి, ఏ పువ్వు కొప్పులోకి

మొన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి చేతిలో ఓ ప్యాకెట్‌తో వచ్చింది. "అక్కా, ఇది మందారం టీ అంట. మా మామయ్యగారికి బీపీ కదా, రోజూ రెండు కప్పులు తాగితే మాత్రలు మానేయొచ్చని వీడియోలో చెప్పారు. మీ పెరట్లో మందారాలు ఊరికే రాలిపోతున్నాయి కదా, అవి ఎండబెట్టి ఇస్తే సరిపోతుందా, లేక ఇదే కొనాలా?" అంది.

ప్యాకెట్ విప్పి చూశాను. ముదురు ఎరుపులో, ముడుచుకుపోయి, ఎండు మిరపతొక్కుల్లా ఉన్నాయి. ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. నాలిక చివర పులుపు తగలగానే అనుమానం తీరిపోయింది. అది గోంగూర.

ఆయ్, నిజంగానే గోంగూరండి. హైబిస్కస్ టీ అని బజార్లో అమ్మేది మన గుమ్మం పక్కన పూసే మందారం కాదు. కాడ ఎర్రగా ఉండే పుల్ల గోంగూర ఉంటుంది చూడండి, దాని పూరేకులు రాలిపోయాక కాయ చుట్టూ కండపట్టి మిగిలే ఎర్రటి తొడుగు అది. రెండు మొక్కలూ దాయాదులే, ఇంగ్లీషులో ఇంటిపేరు ఒకటే. ఆ ఇంటిపేరు చూసి మనవాళ్లు మందారం అని తెలుగు చేసేశారు. పొలం గట్టు మీద ఊరికే కాసేదాన్ని ఆ పిల్ల డబ్బులిచ్చి కొనుక్కొచ్చింది.

ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పినవీ, చెప్పడం మర్చిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పువ్వుల్ని ఇంటి వైద్యానికి వాడదామనుకునేవాళ్లు చాలామంది "దేనికి ఏ పువ్వు మంచిది" అని మొదలుపెడతారు. నేను మాత్రం ముందు ఆ పువ్వు ఎక్కడ పూసిందో అడుగుతాను. తర్వాత దాని అసలు పేరు అడుగుతాను. గుణం సంగతి ఆ తర్వాతే.

బుట్టలో పువ్వు, పెరట్లో పువ్వు

తెల్లారగట్ల కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్తే కళ్లు చెదిరిపోతాయి. బంతి, చామంతి, గులాబీ, లిల్లీ, కనకాంబరం గంపలు గంపలుగా దిగుతుంటాయి. అంత తాజాగా, అంత చవగ్గా కనబడితే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది. కొన్నేళ్ల క్రితం రెండు కిలోల గులాబీలు తెచ్చి గుల్కంద్ పెట్టాను. రేకులు వలిచి, పంచదార పొరలు పొరలుగా వేసి, సీసా ఎండలో పెట్టాను. మూడో రోజు మూత తీస్తే గులాబీ వాసన రాలేదు, పొలంలో మందు కొట్టిన సాయంత్రం గాలిలో వచ్చే వాసన వచ్చింది. సీసాతో సహా పారేశాను.

తప్పు ఆ రైతుది కాదు. ఆయన దండ కోసం పండించాడు. దండ గులాబీకి తామర పురుగు పడితే మందు కొడతాడు, రేకు మీద మచ్చ ఉంటే ఎవరూ కొనరు. కూరగాయకైతే మందు కొట్టాక ఇన్ని రోజులాగి కోయాలని ఒక లెక్కుంది. దేవుడి పటానికి వేసే పువ్వుకి ఆ లెక్క ఎవరు చూస్తారు? కాబట్టి నా మట్టుకు నాకు ఇది రాజీలేని నియమం: మార్కెట్ పువ్వు పూజకీ జడకీ మాత్రమే. కడుపులోకి పోయేదీ, ముఖానికి రాసేదీ సొంత పెరటిదైనా కావాలి, మందు కొట్టలేదని మనకి కచ్చితంగా తెలిసిన ఇంటిదైనా కావాలి. కడిగితే పోతుందిలే అనుకోకండి. రేకు పల్చగా ఉంటుంది, కొన్ని మందులు లోపలికి ఇంకిపోతాయి.

కప్పులోకి

పక్కింటి అమ్మాయి అడిగిన బీపీ సంగతి ముందు చూద్దాం. ఎండు గోంగూర తొడుగుల కషాయం మీద మనుషుల్లో పరిశోధనలు జరిగాయి. పై బీపీ కొద్దిగా తగ్గినట్టు కొన్నింటిలో కనిపించింది. పూల టీల్లో ఈమాత్రం ఆధారం ఉన్నవి తక్కువ, అందుకే నేను దీన్నే మొదట పెడతాను. కానీ కొద్దిగా తగ్గడం వేరు, మాత్ర మానేయడం వేరు. మాత్ర వేసుకుంటూ రోజూ గట్టిగా కాచి తాగితే రెండూ కలిసి బీపీ మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఇచ్చేముందు ఆ మాత్రలు రాసిన డాక్టరుకి ఒక మాట చెప్పమన్నాను. కిడ్నీలో రాళ్లున్నవాళ్లని గోంగూర తగ్గించమంటారు కదా, ఈ తొడుగుల విషయంలోనూ అదే జాగ్రత్త మంచిది. పులుపు కాబట్టి ఎసిడిటీ ఉన్నవాళ్లకి పరగడుపున వద్దు.

చేసుకోవడం తేలిక. చలికాలంలో కాయలు ఎర్రబడ్డాక కోసి, కాయ చుట్టూ ఉన్న తొడుగు ఒలిచి నీడన ఆరబెట్టండి. కప్పు మరిగే నీళ్లలో ఒక చెంచా వేసి మూతపెట్టి ఐదు నిమిషాలుంచితే చాలు. లోపలి గింజలు పారేయకండి, వచ్చే ఏటి విత్తనం అదే.

మరి పెరటి మందారం? అదీ విషమేం కాదు, రేకులతో షర్బత్ చేసుకునేవాళ్లు ఉన్నారు. కానీ గోంగూర టీ మీద జరిగిన పరిశోధనల ఫలితం దీనికి వర్తించదు. పైగా జంతువుల మీద చేసిన కొన్ని పరిశోధనల్లో మందారపువ్వు గర్భం మీద ప్రభావం చూపింది. అందుకని గర్భిణులూ, పిల్లల కోసం చూస్తున్నవాళ్లూ లోపలికి తీసుకోకపోవడమే మేలు. దాని అసలు చోటు కొప్పు, ఆ సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు అందరి ఫోన్లలో తిరుగుతున్నది నీలం టీ. శంఖుపూల తీగ మన కంచెల మీద దానంతటదే అల్లుకుంటుంది. ఐదారు పువ్వులు వేడినీళ్లలో వేస్తే సిరా కలిపినట్టు నీలం దిగుతుంది, నిమ్మచెక్క పిండితే కళ్లముందే ఊదా రంగులోకి మారుతుంది. పిల్లలకి భలే సరదా. అందులో ఉన్న రంగు పదార్థానికి పులుపు తగిలితే రంగు మారే గుణం ఉంది, అంతే, మాయేం లేదు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని చెప్పేవాళ్లు ఇంకో తికమక పెడుతున్నారు. ఆయుర్వేదంలో తెలివికి వాడే శంఖపుష్పి అని మన వైపు మందుల షాపుల్లో సిరప్పుగా దొరికేది సాధారణంగా వేరే మొక్క, నేల మీద పాకే చిన్న గుల్మం. పేరు దగ్గరగా ఉందని ఆ గుణం ఈ పువ్వుకి అంటగట్టేశారు. పంచదార పానీయాలకి బదులుగా నీలం టీ తాగితే మంచిదే. అంతకుమించి ఆశపడొద్దు.

చామంతి టీ దగ్గరా ఇదే గోల. నిద్ర పట్టడానికి విదేశాల్లో తాగే కమోమిల్ వేరు, మన దండ చామంతి వేరు. చైనాలో చామంతినే టీగా తాగుతారు, నిజమే, కానీ వాళ్లు తాగడానికని పండించింది తాగుతారు. మార్కెట్లో కిలోలెక్కన కొన్న చామంతిని మరగబెట్టుకుని నిద్ర కోసం ఎదురుచూడకండి. నిద్ర సరిగ్గా పట్టక అసలు కమోమిలే కావాలనుకుంటే ప్యాకెట్ కొనుక్కోండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు అడిగే తాగాలి. చామంతి, బంతి లాంటి పూలు ముట్టుకుంటే దురద వచ్చేవాళ్లకి కమోమిల్ కూడా పడకపోవచ్చు, అవన్నీ ఒకే కుటుంబం.

బంతి మాట వచ్చింది కాబట్టి: చర్మానికి రాసే క్రీముల మీద మారిగోల్డ్ అని ఉంటే అది చాలాసార్లు కాలెండ్యులా అనే వేరే మొక్క. మన సంక్రాంతి గొబ్బెమ్మల బంతి కాదు. మన బంతి నుంచి కంటి మాత్రల్లో వాడే లూటీన్ తీస్తారు, అది ఫ్యాక్టరీలో జరిగే పని. ఇంట్లో బంతిరేకుల కషాయం తాగితే ఆ ఫలితం రాదు.

తంగేడు పువ్వు టీ షుగర్‌కి మంచిదని మెట్ట ప్రాంతాల నుంచి వచ్చిన అలవాటు. మన డెల్టా తడినేలల్లో తంగేడు అరుదు, కాబట్టి ఎండబెట్టింది కొనాలి. షుగర్ మాత్రలు వేసుకుంటూ దీన్నీ తాగితే షుగర్ మరీ తగ్గే ప్రమాదం ఉంది. నేను దీన్ని ఎవరికీ చెప్పను.

కొప్పులోకి

జుట్టు విషయానికొస్తే మందారం ముందు ఇంకే పువ్వూ నిలబడదు. అయితే ఏ మందారం? నర్సరీల్లో పసుపు, నారింజ, రెండు రంగుల హైబ్రిడ్‌లు వచ్చాయి, చూడ్డానికి అందంగా ఉంటాయి. మాకు మాత్రం ఒంటిరేకు ఎర్ర మందారమే. ముద్దమందారంలో రేకులు ఎక్కువ కానీ లోపల చీమలు, పిండి పురుగు దాక్కుంటాయి, విడదీసి చూసుకోవాలి.

నూనె కాచడమా, పచ్చిగా రుబ్బి పెట్టడమా అని అడిగితే నేను పచ్చిదే అంటాను. నాలుగు పువ్వులు, గుప్పెడు ఆకులు నీళ్లలో వేసి చేత్తో పిసకండి. మొదట ఏమీ అవ్వదు. రెండు నిమిషాలకి నీళ్లు చిక్కబడి, వేళ్ల మధ్య జారుతూ, ఎత్తితే తీగలా సాగుతుంది. ఆ జిగురే మీకు కావలసింది, అది పువ్వులో కంటే ఆకులోనే ఎక్కువ. వడగట్టి తలకి పట్టించి, పావుగంట ఉంచి కడిగేస్తే కండిషనర్ పెట్టినట్టు చిక్కులు విడిపోతాయి. వడగట్టడం మానేస్తే మాత్రం జుట్టులో ఆకు నలకలు ఏరుకుంటూ సాయంత్రం దాకా కూర్చోవాలి.

నూనే కావాలంటే కొబ్బరినూనెలో పువ్వులు వేసి సన్నమంట మీద చిటపట పూర్తిగా ఆగేదాకా కాచండి. ఆ శబ్దం పువ్వులో నీరు ఆవిరవుతున్నందుకు వస్తుంది. శబ్దం ఉండగానే దించేస్తే మిగిలిన తడికి వారం తిరక్కుండా నూనె ముక్కవాసన వేసి బూజు పడుతుంది. మా ఆడపడుచు ప్రతిసారీ తొందరపడి దించేస్తుంది, ప్రతిసారీ పువ్వుని తిడుతుంది.

రాలిన జుట్టు మళ్లీ మొలుస్తుందా? మనుషుల్లో గట్టి ఆధారం లేదు. ఉన్న జుట్టు మెత్తగా, తెగకుండా ఉంటుంది. నెలలకొద్దీ కుప్పలుగా రాలుతుంటే థైరాయిడ్, రక్తహీనత ఉన్నాయేమో పరీక్ష చేయించుకోండి.

మల్లె, విరజాజి, సంపంగి వాసనకే. పడుకునే ముందు తలగడ పక్కన పళ్లెంలో నీళ్లు పోసి గుప్పెడు మల్లెలు వేస్తే ఎండాకాలం రాత్రి గది చల్లబడ్డట్టు అనిపిస్తుంది. ఉబ్బసం, మైగ్రేన్ ఉన్నవాళ్లకి మాత్రం ఆ ఘాటే తంటా. ఇంకొకటి: పాలు మాన్పించాలంటే రొమ్ముకి మల్లెపూలు కట్టే అలవాటు మన పెద్దవాళ్లలో ఉంది. దాని మీద మన దేశంలోనే బాలింతల మీద చేసిన పరిశోధన 1988లో వైద్య పత్రికలో వచ్చింది, పాలు తగ్గినట్టే తేలింది. పాలిచ్చే తల్లులు వీడియోలు చూసి మల్లెపూల పట్టీలు వేసుకోకండి. జడలో పెట్టుకునే మూరెడు మల్లెల గురించి కాదు ఈ మాట.

గులాబీనీరు ఇంట్లో మరగబెట్టి చేస్తే ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగైదు రోజుల్లో వాడేయాలి. ముఖానికి సరే, కంట్లో చుక్కలు వేయకండి.

కంచంలోకి

నన్నడిగితే టీల కంటే కూరలే మేలు. మన అమ్మమ్మలు పువ్వుని మందులా చెంచాతో కొలవలేదు, కూరలా వండి కంచం నిండా పెట్టారు. అందులోనూ కోనసీమలో పుట్టి అరటిపువ్వు వదిలేసి నీలం టీ తాగడం నాకైతే అర్థం కాదు.

గెల వేశాక కింద వేలాడే పువ్వుని తోటలో ఎలాగూ కోసేస్తారు. లంకల్లో తెలిసినవాళ్లుంటే ఊరికే ఇస్తారు. ముందు చేతులకి నూనె రాసుకోండి, లేకపోతే ఆ జిగటకి వేళ్లు రెండు రోజులు నల్లగా ఉంటాయి. పైన ముదురు రంగు డొప్పలు ఒక్కొక్కటీ తీస్తే కింద వరసగా సన్నటి పూలు ఉంటాయి. ఒక్కో పువ్వు మధ్యలో తల లావుగా అగ్గిపుల్లలా నిలబడిన గట్టి కేసరం, దాని పక్కన ప్లాస్టిక్ ముక్కలా పల్చటి చిన్న రేకు ఉంటాయి. ఆ రెండూ ఉడకవు, పీకేయాలి. ప్రతి పువ్వుకీ పీకాలి. వందకి పైనే ఉంటాయి, మధ్యాహ్నం అత్తాకోడళ్లు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేసే పని ఇది. లోపలికి పోయేకొద్దీ లేతవి, వాటికి ఆ బాధ లేదు. తరిగింది తరిగినట్టు పల్చటి మజ్జిగలో వేయాలి, లేకపోతే నల్లబడుతుంది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, గట్టిగా పిండి, పోపు పెట్టి, దించాక ఆవ కలిపితే ఆ వగరూ ఆ ఘాటూ కలిసి వచ్చే రుచి ఇంకెక్కడా రాదు.

ఇందులో పీచు బాగా ఉంటుంది, పొటాషియం కూడా. మలబద్ధకంతో బాధపడేవాళ్లకి వారానికోసారి పెట్టి చూడండి. షుగర్ ఉన్నవాళ్లకీ మంచి కూర, కూరగానే, మందుగా కాదు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు మాత్రం అడిగి తినాలి.

మునగపువ్వు దొరికినప్పుడు పప్పులోనో కోడిగుడ్డుతోనో వేయండి. ఉప్పునీళ్లలో కాసేపు ఉంచితే లోపలి పురుగులు తేలిపోతాయి. అవిసెపువ్వుకి మధ్య కేసరం చేదు, తీసి బజ్జీ వేసుకోవచ్చు. వేపపువ్వు ఉగాది పచ్చడితో ఆగిపోకుండా చూసుకోండి. పొద్దున్నే చెట్టు కింద పాత చీర పరిచి రాలినవి ఏరి, నీడన ఎండబెట్టి సీసాలో పోసుకుంటే ఏడాదంతా చారుకి పనికొస్తుంది. నేతిలో వేయించి చారులో వేస్తే ఆ చేదు, జ్వరమొచ్చి లేచినవాళ్ల నాలికకి కూడా తెలుస్తుంది. పసిపిల్లలకి వేపనూనె మాత్రం చుక్క కూడా తాగించకండి, ప్రాణం మీదికి వస్తుంది.

రోజూ వాడుతూ కూడా పువ్వు అనుకోనిది లవంగం. అది ఎండిన మొగ్గే. రాత్రిపూట పన్ను నొప్పి వస్తే నొప్పి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కండి. అందులోని యూజెనాల్ అనే తిమ్మిరెక్కించే పదార్థాన్ని దంతవైద్యులూ వాడతారు. తెల్లారాక ఆ వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. దీనికి తలకిందులుగా, రోడ్డు పక్కన బండ్ల మీద కొబ్బరిపువ్వు అని అమ్మేది పువ్వే కాదు, మొలకెత్తిన కొబ్బరికాయ లోపల ఊరిన దూది ఉండ. తియ్యగా ఉంటుంది, తినండి. సర్వరోగనివారిణి అని బోర్డు పెట్టినా నమ్మకండి, షుగర్ ఉంటే ఆ తీపిని లెక్కలో వేసుకోండి.

చేయి పెట్టకూడనివి

నన్ను నిజంగా టెన్షన్ పెట్టేది బిళ్లగన్నేరు. పరగడుపున నాలుగు పూలు నమిలితే షుగర్ దిగుతుందని మా ఊళ్లో కనీసం నలుగురు చెప్పారు. ఆ మొక్క నుంచే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అనే క్యాన్సర్ మందులు తీస్తారు. పెరిగే కణాల్ని ఆపే మందులవి, ఆసుపత్రిలో కొలిచి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అలాంటి పదార్థాలున్న మొక్కని కొలత లేకుండా రోజూ నమలడం ఏం ధైర్యమో! గర్భిణులైతే ఆ ఆలోచనే వద్దు. గన్నేరు, పచ్చగన్నేరు గుండెని ఆపేసే విషాలు. ఉమ్మెత్త పువ్వు ఉబ్బసానికని కాల్చి పొగ పీల్చేవారు ఒకప్పుడు, ఇప్పుడు ఇన్‌హేలర్లున్నాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దేవుడికి పెట్టేటప్పుడు కూడా పిల్లల చేతికివ్వకండి.

ఒక్క కుండీకే చోటుంటే

రాజమండ్రి ఫ్లాటులో ఉంటున్న మా చెల్లెలు ఇదే అడిగింది. ఎండ తగిలే బాల్కనీ అయితే ఎర్ర ఒంటిరేకు మందారం. గ్రిల్లు ఉంటే దాని మీదికి శంఖుపూల తీగ, గింజ నాటితే చాలు. కాస్త పెద్ద కుండీ పెట్టగలిగితే పుల్ల గోంగూర: వానాకాలంలో ఆకు, చలికాలంలో టీ. ఒకటే అంటే నా ఓటు గోంగూరకే.

గోంగూర, శంఖుపూలకి నర్సరీ అక్కర్లేదు, ఎవరి దగ్గరైనా గింజలు దొరుకుతాయి. మందారం కోసం కడియం వెళ్తే మొక్క నిండా పువ్వులున్నదాన్ని కాకుండా కొత్త చిగుళ్లున్నదాన్ని ఏరుకోండి. అమ్మకానికి పెట్టిన మొక్కకి మందు కొట్టే ఉంటారు. ఇంటికి తెచ్చాక ఉన్న మొగ్గలన్నీ తుంచి పారేసి, రెండు మూడు నెలలు పూసినవి దేవుడికి పెట్టి, ఆ తర్వాత వచ్చినవే తలకి వాడండి. పక్కింటి అమ్మాయికి నా సీసాలోంచి గుప్పెడు గోంగూర గింజలు ఇచ్చాను. ఆ ప్యాకెట్‌ని మామయ్యగారితో పాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది.